బడియు బయలును: సూరతు పాఠశాలల చరిత్రము

ప్రతి చిన్న పట్టణమునందును ఒక పాత ఉన్నత పాఠశాల యుండును. దాని ప్రధానోపాధ్యాయుని గదిలో రెండు వస్తువులు సాధారణముగా కనబడును. పరీక్షలలో ప్రథములుగా నిలిచినవారి పేర్లను వరుసగా వ్రాసిన కొయ్యపలక యొకటి. ఆటల పోటీలలో గెలుచుకొన్న వెండి గిన్నెలను దాచిన అద్దాల బీరువా మరియొకటి. పాఠశాల చరిత్రను వ్రాయబూనినవారు పలకమీది పేర్లను, బీరువాలోని గిన్నెలను లెక్కించి తమ పని ముగిసినదని తలంతురు. ఆ లెక్క అవసరమే. కాని ఆ పలకమీదికి ఎవరి పేర్లు ఎక్కుటకు వీలుండెను, ఆ ఆటస్థలములో అడుగుపెట్టుటకు ఎవరికి హక్కుండెను అని అడిగినప్పుడే పాఠశాల చరిత్ర ఊరి చరిత్ర యగును. ఆ ప్రశ్నతో పశ్చిమతీరమునందలి సూరతు నగరపు పాఠశాలలను పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నేడు సూరతు మహానగరము. 2011 జనాభా లెక్కల ప్రకారము నగరపాలక సంస్థ పరిధిలో 44 లక్షలకు పైగా ప్రజలు నివసించుచుండిరి. కాని మన కథ ప్రారంభమగునాటికి అది కుంచించుకొనిపోయిన ఊరు. మొగలుల కాలమున తపతీ తీరమునందలి ఈ రేవునుండియే మక్కా యాత్రికులు ఓడలెక్కెడివారు. ఆంగ్లేయులు తమ తొలి వర్తకశాలలలో ఒకదానిని ఇచ్చటనే నెలకొల్పిరి. 1664లోను, 1670లోను శివాజీ సైన్యములు దోచుకొన్నను ఊరు తట్టుకొని నిలిచెను. ఆ పిమ్మట వర్తకము క్రమముగా బొంబాయికి తరలిపోయెను. 1759లో కోటయు, 1800లో సమస్త పరిపాలనయు ఈస్టిండియా కంపెనీ వశమాయెను. 1837 ఏప్రిల్ మాసమున చెలరేగిన అగ్ని తొమ్మిదివేలకు పైగా ఇండ్లను దహించెను. అదే సంవత్సరము వరద వచ్చి మిగిలినదానిని ముంచెను. 1847 నాటికి జనసంఖ్య సుమారు ఎనభైవేలకు దిగజారినది. శక్తి కలవారు అనేకులు బొంబాయికి వలసపోయిరి. మిగిలినవారు తమ బిడ్డలకు ఓడలను, కొట్లను ఈయలేని స్థితిలో ఉండిరి. అట్టి ఊరిలో పాఠశాల అను క్రొత్త వస్తువు వచ్చి చేరినది.

క్రొత్తది అనుటలో అంతకుముందు చదువు లేదని అర్థము కాదు. మన తెలుగునాట వీధిబడులున్నట్లే గుజరాతులోను ఊరూర బడులుండెను. బాలుడు దుమ్ము చల్లిన పలకమీద అక్షరములు దిద్దెడివాడు. ఎక్కములను కంఠస్థము చేసెడివాడు. వర్తకుల దేశము గనుక పావు, అర, ముప్పావుల ఎక్కములు కూడ అచ్చట నేర్పెడివారు. కొట్టులో కూర్చుండి నోటిలెక్కతో వడ్డీ కట్టగలిగిన పిల్లవానికి చదువు పూర్తియైనట్లే. ఆ చదువునకు ఉపయోగము కలదు. దానిని చులకన చేయరాదు. అయితే అది కులవృత్తికి కావలసిన చదువు. అందు ప్రశ్నకు చోటు తక్కువ. దెబ్బకు మాత్రము చోటు ఎక్కువ.

ఈ స్థితిలో మార్పు తెచ్చినవారిలో ప్రథమముగా చెప్పదగినవాడు దుర్గారామ్ మంఛారామ్. ఆయన 1809లో జన్మించెను. బొంబాయిలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, సూరతులోని ప్రభుత్వ గుజరాతీ పాఠశాలలో పనిచేసెను. ప్రజలు ఆయనను దుర్గారామ్ మెహతాజీ అని పిలిచిరి. గుజరాతీలో మెహతాజీ అనగా మన పంతులుగారే. ఈ పంతులు తరగతి గదితో తృప్తి చెందలేదు. 1844 జూన్ 22న ఆయన, దాదోబా పాండురంగ మొదలగు మిత్రులతో కలిసి, మానవధర్మసభను స్థాపించెను. మహారాష్ట్ర వ్యాకరణమును రచించిన దాదోబా ఆనాడు సూరతులో ఉపాధ్యాయుడుగా నుండెను. దేవుడొక్కడే, మనుష్యులందరు ఒక్క జాతియే అనునవి సభవారి ముఖ్య సిద్ధాంతములు. భూతవైద్యులను, మంత్రగాండ్రను బహిరంగముగా పిలిచి, మీ మంత్రబలమును మా యెదుట నిరూపింపుడని వారు సవాలు చేసిరి. వితంతు వివాహమును సమర్థించిరి.

ఆ సవాలులోని ధైర్యమును మనము సరిగా తూచవలయును. కులము వెలివేసినచో ఆనాటి గృహస్థునకు నీరు, నిప్పు, పెండ్లి, పాడె అన్నియు ఆగిపోయెడివి. ప్రభుత్వ వేతనము అల్పము. అయినను ఒక బడిపంతులు ఊరి కూడలిలో నిలిచి రుజువు కావలెనని అడిగెను. తరగతిలో బాలునకు నేర్పు లెక్కకు రుజువు కావలసినప్పుడు, ఊరి నమ్మకమునకు మాత్రము ఏల అక్కరలేదు? ఈ ఒక్క ప్రశ్నయే క్రొత్త పాఠశాల యొక్క సారము. దాదోబా 1846లో బొంబాయికి మరలిపోయెను. దుర్గారామ్ 1852లో రాజకోటకు బదిలీయయ్యెను. సభ అంతటితో అణగిపోయినది. ఎనిమిదేండ్లు మాత్రమే బ్రతికిన ఆ సభ నేర్పిన ప్రశ్న మాత్రము ఊరిలో నిలిచిపోయినది.

ప్రభుత్వ ఆంగ్ల పాఠశాల 1842లో సూరతున వెలసెను. పిదప ఆ ఊరి ఉన్నత పాఠశాలగా ప్రసిద్ధికెక్కినది ఇదియే. 1835లో సూరతులోనే జన్మించిన నందశంకర్ తుళజాశంకర్ మెహతా పదియేండ్ల వయస్సున ఇందు చేరెను. ఇచ్చటనే చదివి, ఇచ్చటనే సహాయోపాధ్యాయుడై, 1858లో ప్రధానోపాధ్యాయుడయ్యెను. ఆ పదవి నలంకరించిన తొలి భారతీయుడు ఆయనయే. 1866లో ఆయన రచించిన ‘కరణ్ ఘేలో’ వెలువడెను. గుజరాతు చివరి రాజపుత్ర ప్రభువైన కరణ్ వాఘేలా తన మంత్రి భార్యను అపహరించుటయు, అవమానితుడైన మంత్రి అల్లావుద్దీన్ ఖిల్జీని పిలుచుకొని వచ్చుటయు, రాజ్యము కూలుటయు అందలి కథ. గుజరాతీ భాషలో తొలి స్వతంత్ర నవల అదియే. రస్సెల్ అను విద్యాధికారి ప్రోత్సాహము ఆ రచనకు కారణమాయెను.

అదే పాఠశాలలో చదివి, 1854లో అచ్చటనే సహాయోపాధ్యాయుడైన మరియొక సూరతువాడు నవలరామ్ లక్ష్మీరామ్ పండ్యా. నందశంకరుని నవల వెలువడిన మరుసటి సంవత్సరము, అనగా 1867లో, ఆయన దానిని విమర్శించుచు వ్యాసము వ్రాసెను. గుజరాతీ సాహిత్య విమర్శకు ఆద్యుడుగా నవలరామును చెప్పుదురు. ఒక భాషలోని తొలి నవలయు, ఆ నవలపై తొలి విమర్శయు ఒకే పాఠశాల ఉపాధ్యాయుల చేతులనుండి వెలువడుట యాదృచ్ఛికమని నేను తలపను. ఉపాధ్యాయునకు తన భాషలో పిల్లలచేత చదివింపదగిన పుస్తకము లేదని నిత్యము తెలియుచుండును. ఆ కొరతయే రచనకు బీజము. విద్యార్థి వ్రాసిన సమాధానమును నిర్మొగమాటముగా దిద్దుట ఆయనకు నిత్యకృత్యము. ఆ అలవాటే విమర్శకు మూలము. తెలుగు పాఠకులకు ఇది వింతగా తోచదు. మన కందుకూరి వీరేశలింగము పంతులును పాఠశాలలో బోధించినవాడే. 1878లో ప్రకటితమగుట ప్రారంభించిన ఆయన ‘రాజశేఖర చరిత్రము’ రాజమహేంద్రవరములో పుట్టినది. వితంతు వివాహములును ఆ ఊరిలోనే జరిగినవి. తపతీ తీరమునను గోదావరీ తీరమునను నవలయు, సంఘసంస్కరణయు బడిపంతుళ్ళ ఇండ్లలో కవలలవలె పెరిగినవి.

ఈ కీర్తికి రెండవ ప్రక్కను కూడ చూడవలయును. 1857లో బొంబాయి విశ్వవిద్యాలయము స్థాపితమై, 1859లో తొలి ప్రవేశ పరీక్ష జరిగినది. అప్పటినుండి పట్టణములలోని ఉన్నత పాఠశాలలన్నియు ఆ మెట్రిక్యులేషను పరీక్షవైపే ముఖము త్రిప్పినవి. పరీక్షలో నెగ్గినవానికి కచేరీలో కొలువు. కాబట్టి తల్లిదండ్రులు బడిని కొలువునకు మెట్టుగా చూచిరి. వారిని నిందించుటకు వీలులేదు. రేవు పోయిన ఊరిలో వేరు మెట్టు ఏమున్నది? కాని దుర్గారామ్ అడిగిన ప్రశ్నకు ఆ పరీక్షలో అంకములు లేవు.

అంతకంటె గొప్ప లోపము ద్వారమునందే ఉన్నది. అది ప్రజల పన్నులతో నడచు పాఠశాల. అయినను ప్రజలందరికి అది తెరువబడలేదు. 1856లో బొంబాయి రాజధానికే చెందిన ధార్వాడ పట్టణములో మహారు కులమునకు చెందిన బాలుడొకడు ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశము కోరగా అధికారులు నిరాకరించిరి. ఆ అర్జీ కలకత్తా వరకును, లండను వరకును పోయెను. ప్రభుత్వ ధనముతో నడచు పాఠశాలలు సకల వర్గములకు తెరచియుండవలెనను సూత్రము కాగితముమీద స్థిరపడినది. కాగితమునకును గడపకును నడుమ దూరము మాత్రము చాలకాలము అట్లే యుండెను. బాలికల మాట చెప్పనక్కరలేదు. నందశంకరుని పాఠశాలలో బల్లలమీద కూర్చుండినవారు అందరును మగపిల్లలే. వారిలో అధికులు అగ్రవర్ణములవారే.

ఇక ఆటల సంగతి. క్రొత్త పాఠశాల మొదట మెదడునే గుర్తించినది, దేహమును మరచినది. ఊరి పిల్లలు ఆడనివారు కారు. గుజరాతీ బాలురు హుతుతుతు అని కూత పెట్టి ఆడునది మన చెడుగుడే. వారి గిల్లీదండా మన బిళ్ళంగోడే. కాని ఆ ఆటలు బడి గోడకు వెలుపలనే ఉండెడివి. గోడకు లోపల దొరల క్రికెట్టును, సైనికుల డ్రిల్లును మాత్రమే గౌరవము పొందినవి. తనదైన ఆటను బడి ఆటగా అంగీకరింపక, పరాయి ఆటను ఆడుటకు స్థలమును పరికరములను సమకూర్చలేక, పెక్కు పాఠశాలలు వ్యాయామమునే వదలివేసినవి.

ఈ కొరతను తీర్చినది ప్రభుత్వము కాదు, అఖాడా. అఖాడా యనగా మన తాలింఖానా, గరిడీ వంటిది. సూరతునకు ఉత్తరమున ఉన్న బరోడాలో జుమ్మా దాదా వ్యాయామశాల ప్రసిద్ధమైనది. మాణిక్‌రావు దాని గురువు. తరువాతి కాలమున 1924లో లోనావలాలో కైవల్యధామమును స్థాపించిన కువలయానంద స్వామి ఆయన శిష్యుడే. 1894లో సూరతులో జన్మించిన అంబూభాయి పురాణి తన యన్న ఛోటూభాయితో కలిసి గుజరాతు పట్టణములలో వ్యాయామశాలలను నెలకొల్పి యువకులను సమీకరించెను. దేహబలమును పెంచుట వారికి దేశసేవలో భాగము. అదే కాలమున మన వీరఘట్టమువాడైన కోడి రామమూర్తినాయుడు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరములో వ్యాయామోపాధ్యాయుడుగా జీవితము ప్రారంభించి, మల్లవీరుడుగా లోకప్రసిద్ధి గాంచెను. చదువుకొన్నవాడు దుర్బలుడు కానక్కరలేదని అట్టివారు ప్రజలకు కన్నులార చూపిరి.

వీధి ఆటలకు నియమములు ఏర్పడినది కూడ ఆ దశాబ్దములలోనే. 1914లో పూనాలోని దక్కన్ జింఖానావారు ఖోఖోకు నిబంధనలు కూర్చిరి. 1923లో బరోడాలోని హింద్ విజయ్ జింఖానావారు హుతుతు నిబంధనలను ప్రకటించిరి. నిబంధన ఏర్పడిన ఆటకు గీతలు, కాలపరిమితి, తీర్పరి ఏర్పడుదురు. గీతలు ఏర్పడిన పిమ్మట అది బడి గోడలోపలికి రాగలిగినది. 1920లో మద్రాసున హ్యారీ బక్ స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలయు, 1938లో బొంబాయి చెంత కాందివలీలో వెలసిన ప్రభుత్వ వ్యాయామ శిక్షణ సంస్థయు ఉపాధ్యాయులను తయారుచేసినవి.

ఇచ్చట పాఠకులు ఒక విషయము గమనింపవలయును. చెడుగుడు ఆటలో ఎదిరిని తాకక గెలుపు లేదు. పట్టువడినవానిని పదిచేతులు కలిసి పట్టవలసినదే. అంటు, ముట్టు పాటించు సంఘములో ఈ ఆటను బడి ఆటగా అంగీకరించుట చిన్నమాట కాదు. తరగతిలో వేరు బల్ల వేయవచ్చును. కడవ నీరు వేరుగా పోయవచ్చును. హుతుతు గీతల నడుమ మాత్రము వేరు బల్లకు చోటు లేదు. మనుష్యులందరు ఒక్క జాతియే అని మానవధర్మసభ మాటలతో చెప్పినదానిని ఆట చేతులతో చెప్పగలదు. అన్ని ఆటస్థలములు అట్లు చెప్పినవని నేననను. గీత దాటనీయని చోట్లును పెక్కులుండెను. కాని చెప్పగల శక్తి ఆటలో కలదు. అందుచేతనే ఆటస్థలము బడికి అలంకారము కాదు, అవయవము.

ఇరువదవ శతాబ్దమున సూరతు ప్రజలు పాఠశాలను తమదిగా చేసికొనుటకు పూనుకొనిరి. 1912లో సార్వజనిక్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపితమైనది. సార్వజనికము, అనగా సర్వజనులది; ఆ పేరులోనే ఒక వాగ్దానము కలదు. ప్రభుత్వము పెట్టినది ప్రభుత్వ పాఠశాల. ఊరు చందాలు పోగుచేసి పెట్టుకొన్నది సార్వజనిక పాఠశాల. 1918 నాటికి ఊరికి స్వంత కళాశాలయు సమకూరెను. చుట్టుపట్ల పల్లెలనుండి రైతుబిడ్డలు చదువునకై వచ్చుచుండగా, కున్వర్జీ, కల్యాణ్‌జీ మెహతా సోదరులు పాటీదారు బాలురకును, దయాళ్‌జీ దేసాయి అనావిలు బాలురకును సూరతులో వసతిగృహములను నడిపిరి. వాటిని ఆశ్రమములనిరి. అవి కులములవారీ వసతిగృహములే. ఆ పరిమితిని దాచరాదు. అయినను పల్లెనుండి వచ్చిన బాలుడు అచ్చట దేశవ్యవహారములను వినెను, చర్చించెను. 1928లో సూరతు జిల్లాలోని బార్డోలీ రైతులు వల్లభభాయి పటేలు నాయకత్వమున పన్ను నిరాకరించి నిలిచినప్పుడు, ఊరూర తిరిగి కట్టుబాటును నిలిపిన కార్యకర్తలను సమకూర్చినవి ఈ ఆశ్రమములే.

అంతకుముందే నగరము మరియొక పరీక్షకు నిలిచినది. 1920లో గాంధీజీ ప్రభుత్వ పాఠశాలల బహిష్కారమునకు పిలుపునిచ్చెను. ఆ సంవత్సరము అక్టోబరులో అహమ్మదాబాదున గుజరాత్ విద్యాపీఠము వెలసెను. సూరతు పురపాలక సంఘము తన పాఠశాలలపై ప్రభుత్వాధికారమును, ప్రభుత్వ ధనసహాయమును నిరాకరించి వానిని జాతీయ పాఠశాలలుగా నడపసాగెను. 1922లో ప్రభుత్వము ఆ పురపాలక సంఘమునే రద్దుచేసి, తన కమిటీని నియమించెను. తల్లిదండ్రులకు ఇది తేలికైన ఎంపిక కాదు. ఒక ప్రక్క ఆత్మాభిమానము. మరియొక ప్రక్క కొలువునకు దారితీయు పత్రము. కాలక్రమమున జాతీయ పాఠశాలలు సన్నగిల్లినవి. కాని బడి ఎవరిది అను ప్రశ్నను ఒక ఊరు తన పాలకవర్గమును పణముగా ఒడ్డి అడిగిన సందర్భములు మన విద్యాచరిత్రలో అరుదు.

బాలికల విద్యకు మార్గము వేరుగా ఏర్పడవలసివచ్చినది. 1907లో బాజీగౌరీ మున్షీ, శివగౌరీ గజ్జర్ సూరతులో వనితా విశ్రామును స్థాపించిరి. వారు స్వయముగా వితంతువులు. వితంతువులకు ఆశ్రయముగను, విద్యాస్థానముగను దానిని తీర్చిరి. అరువది యేండ్లకు ముందు వితంతువుల పక్షమున దుర్గారామ్ మాటలాడెను. ఇప్పుడు వారే మాటలాడిరి. ఇంకొక ఫలము నందశంకరుని ఇంటనే పండినది. ఆయన మనుమరాలు హంసా మెహతా 1897లో సూరతులో జన్మించెను. 1949లో బరోడా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షురాలై, బాలబాలికలు కలిసి చదువు భారతీయ విశ్వవిద్యాలయములలో ఆ పదవి పొందిన తొలి మహిళ యయ్యెను. ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 10న అంగీకరించిన మానవహక్కుల ప్రకటన మొదటి అధికరణములో, పురుషులందరు అను అర్థము వచ్చు మాటను తీసివేయించి, మానవులందరు అని చేర్పించినవారు ఆమెయే. తాతగారు నడిపిన బడిలో ఆడపిల్లకు చోటు లేకుండెను. మనుమరాలు ప్రపంచము యొక్క ప్రతిజ్ఞాపత్రములో ఆ చోటును వ్రాయించెను.

నేటి సూరతు మరల ధనికమైనది. నేతమగ్గములు, వజ్రములు దానికి నూతన సంపద నిచ్చినవి. 1993లో అచ్చట జన్మించిన హర్మీత్ దేశాయి 2018 కామన్వెల్త్ క్రీడలలో టేబులు టెన్నిసు పురుషుల జట్టుతో స్వర్ణపతకము గెలిచెను. 2009 విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకును ఆటస్థలము ఉండవలెనని తన అనుబంధములో వ్రాసినది. నూరేండ్లకు పూర్వము గోడకు వెలుపల నిలిచిన ఆట ఇప్పుడు చట్టములోనికే వచ్చినది. అయితే అంగుళము నేలకును వెల కట్టు మహానగరములో బడికి బయలు మిగుల్చుట చట్టమువలన మాత్రమే కాదు, ఊరి సంకల్పమువలన జరుగవలసిన పని.

ఆ సంకల్పమును కొలుచుటకు తెలుగువారికి దగ్గరి కొలబద్ద కలదు. తెలంగాణమునుండి మగ్గములవెంట వలసపోయిన నేతకార్మికులు దశాబ్దములుగా సూరతులో స్థిరపడియున్నారు. లింబాయత్ ప్రాంతమున తెలుగు వినబడును. నగరపాలక సంస్థ నడుపు ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఇంగ్లీషు, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమమును కలదు. దుర్గారామ్ గుజరాతీలో పాఠము చెప్పిన ఊరిలో నేడు పద్మశాలీల బిడ్డ ‘అ, ఆ’లు దిద్దుచున్నది. రేపు ఆ బిడ్డ ఉన్నత పాఠశాల గడప దాటునా, దాటి ఆటస్థలములో గీత గీసి నిలుచునా అనునది ఇంకను తేలవలసిన విషయము. సార్వజనికము అను మాటకు సూరతు పాఠశాలలు నూట ఎనుబది యేండ్లుగా అర్థమును విస్తరింపజేయుచు వచ్చినవి. ఆ విస్తరణము తనంత తాను జరుగలేదు. ప్రతిసారియు ఎవరో ఒక పంతులు, ఎవరో ఒక వితంతువు, ఏదో ఒక పురపాలక సంఘము గడపవద్ద నిలిచి అడుగుటవలననే జరిగినది.